అడవికి నిప్పు: ఎన్ని ఏండ్లకొకసారి?

అడవి కాలినదను వార్త వచ్చినప్పుడు మనము మొదట అడుగునది "ఎన్ని ఎకరములు కాలినవి?" అని. తరువాత అడుగునది "నిప్పు ఎవరు పెట్టిరి?" అని. ఈ రెండును అడుగదగిన ప్రశ్నలే. కాని మూడవ ప్రశ్న ఒకటి కలదు. దానిని అడుగువారు అరుదు. "ఈ నేల ఇంతకు ముందు ఎప్పుడు కాలినది? అంతకు ముందు ఎప్పుడు?" ఒక అడవికి నిప్పు ఎన్ని ఏండ్లకొకసారి తిరిగి వచ్చుచున్నదను లెక్కను బట్టియే ఆ నేలపై ఏ మొక్కలు నిలుచునో, ఎన్ని జాతులు నిలుచునో చాలవరకు నిర్ణయమగును. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు పైన్ అడవులలో పెక్కు దశాబ్దములు మడులు కట్టి, కాల్చి, కాల్చక, పోల్చి చూచి తెలిసికొనిరి. అడవి అంచున నున్న గ్రామముల పంచాయతీ సభ్యులకు ఆ వివరములు తెలియుట మంచిది.

అడవి యనగానే మన చూపు పైకి పోవును. పెద్ద మాను, దాని కలప, దాని వెల: లెక్కలన్నియు వాటి మీదనే. కాని గ్రామమునకు నిత్యము పనికివచ్చునది పెక్కుసార్లు మాను కాదు, మాను క్రింద నున్నది. పశువులకు గడ్డి, వైద్యమునకు మూలికలు, తినుటకు పండ్లు, దుంపలు, ఇల్లు ఊడ్చుటకు చీపురు, తేనెటీగలకు పూలు, వాన నీటిని పట్టి ఉంచు వేళ్ళు, ఇవన్నియు అచ్చటివే. పెద్ద చెట్ల క్రింద నేలనంటి పెరుగు గడ్డి, తీగ, పొద, చిన్న మొక్క, చెట్ల మొలక, వీటన్నిటిని కలిపి ఈ వ్యాసములో "అడుగుమొక్కలు" అందము.

ఇక పైన్ చెట్టు సంగతి. మన సముద్రతీరపు సరుగుడు తోటలను చూచినవారికి దాని రూపము కొంత ఊహకు వచ్చును. ఐనను సరుగుడు వేరు, పైన్ వేరు. పైన్ ఆకు సూదివలె సన్నము. కట్టలు కట్టలుగా నుండును. మానులోను, ఆకులోను జిగురు ఉండును. రాలి యెండిన సూదులు నేలపై మెత్తగా పరచుకొని, అగ్గిపుల్ల తగిలిన చాలు, అంటుకొనును. కనుక పైన్ అడవికిని నిప్పునకును పొత్తు అనాదిగా నున్నదే. ఆ పొత్తు ఎట్టిదన్నదే మన విషయము.

పొడవాకు పైన్ కథ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆగ్నేయ దిక్కున, వర్జీనియా నుండి టెక్సస్ వరకు గల మైదానములలో లాంగ్‌లీఫ్ పైన్, అనగా పొడవాకు పైన్, ఒకప్పుడు సుమారు 9 కోట్ల ఎకరములలో వ్యాపించి యుండెడిది. దాని ఆకు జానెడు మొదలు మూరెడు వరకు పొడవుండును. ఈ అడవి దట్టమైన చీకటి అడవి కాదు. చెట్లు ఎడమెడముగా నుండును. నేలపై ఎండ పడును. నడుమ నడుమ పొదలు లేక, బండి తోలుకొని పోదగినంత తెరపిగా నుండును. ఆ నేలపై ఏపుగా పెరుగునది వైర్‌గ్రాస్ అను తీగవంటి సన్నని గడ్డి. ఆ గడ్డి దుబ్బుల నడుమ నుండు మొక్కల వైవిధ్యమే ఆ అడవికి వచ్చిన గొప్ప పేరు. మంచి చోట్ల ఒక్క చదరపు మీటరు నేలలో, అనగా ఒక మనిషి బాసీపెట్టు వేసికొని కూర్చుండునంత మేరలో, 40కి పైబడిన జాతుల మొక్కలను లెక్కించినారు. ఈగలను ఆకులతో పట్టి జీర్ణము చేసికొను వీనస్ ఫ్లైట్రాప్ అను విచిత్రమైన మొక్క ప్రపంచమున సహజముగా పెరుగునది ఉత్తర, దక్షిణ కరొలీనా రాష్ట్రముల తీరభూములలో మాత్రమే. దానికిని ఈ పైన్ అడవుల తేమ నేలలే నెలవు.

ఇంతటి మొక్కల సంపద నిప్పు లేని చోట పెరిగినది కాదు. వేసవి ఆరంభపు ఉరుములతో పిడుగులు పడి గడ్డి అంటుకొనెడిది. ఆదివాసులు వేటకొరకు, దారుల కొరకు తామును కాల్చెడివారు. ఇట్లు పెక్కు చోట్ల 1 మొదలు 3 ఏండ్లకొకసారి నేలమట్టపు చిన్న మంట అడవి గుండా పోయెడిది. మంట మోకాటి ఎత్తుననో నడుము ఎత్తుననో గడ్డిని కాల్చుచు సాగిపోవును. దళసరి బెరడు గల పెద్ద పైన్‌లకు దానివలన పెద్దగా హాని లేదు.

ఆ పైన్ మొక్క నిప్పునకు ఎట్లు అలవాటుపడినదో చూచిన ఆశ్చర్యము కలుగును. విత్తు మొలచిన తరువాత అది వెంటనే ఎత్తు పెరుగదు. కొన్ని సంవత్సరముల పాటు గడ్డి దుబ్బు వలెనే నేలనంటి ఉండును. ఆ కాలమంతయు బలమును తల్లివేరులో కూడబెట్టుకొనును. నడిమి మొగ్గను చుట్టును సూదుల గుబురు కాపాడును. మంట వచ్చినచో సూదులు మాడునే గాని మొగ్గ చావదు. తగిన బలము చేకూరిన పిదప కొమ్మలు వేయక ఒక్కసారిగా పైకి లేచును. ఈ లేచు దశలో మాత్రము, ఒకటి రెండడుగుల ఎత్తున నున్నప్పుడు, దానికి అపాయము ఎక్కువ. అప్పుడు ఒకటి రెండు సంవత్సరముల ఎడము దొరికిననే అది గట్టెక్కును.

వైర్‌గ్రాస్ సంగతియు అట్టిదే. ఏప్రిల్ నుండి జూలై వరకు, అనగా గడ్డి పెరుగు కాలమున, మంట వచ్చినచో ఆ శరత్తులో అది విరివిగా పూచి గింజ కట్టును. చలికాలమున కాలినచో ఆకు మరల చిగిర్చును గాని గింజ బహు స్వల్పము. కనుక ఎన్ని ఏండ్లకొకసారి అన్న లెక్కతోపాటు ఏ నెలలో అన్నదియు చూడవలెను.

ప్రచారము చేసిన పని

ఇచ్చట ప్రచార శాఖలో పనిచేయు మాబోటివారు శ్రద్ధగా చదువదగిన అధ్యాయమొకటి కలదు. 20వ శతాబ్ది ఆరంభమునకు ఆ అడవులు చాలవరకు నరకబడినవి. నరికిన చోట మిగిలిన కొమ్మలు, చెత్త ఎండి పెద్ద మంటలు లేచి మొలకలను కాల్చివేయుచుండెను. దానిని చూచిన అటవీ శాఖలు నిప్పు ఎట్టిదైనను శత్రువే యని నిశ్చయించినవి. 1928 నుండి కొన్నేండ్ల పాటు మోటారు లారీలలో సినిమా యంత్రములు వేసికొని జార్జియా, ఫ్లోరిడా, మిసిసిపీ రాష్ట్రముల పల్లెపల్లెకు పోయి, బడులలోను సంతలలోను బొమ్మలు చూపి, "అడవిని కాల్చకుడు" అని లక్షలాది జనులకు బోధించిరి. పల్లెవారు తరతరములుగా గడ్డి కొరకును, పేలు పురుగుల బెడద తగ్గుటకును చలికాలమున కాల్చెడివారు. 1940లో జాన్ షే అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వారిని పరిశీలించి వ్రాసిన వ్యాసమునకు "మా తాతలు అడవిని కాల్చిరి" అను అర్థము వచ్చు పేరు పెట్టెను. వారి అలవాటును తెలియనితనముగను, తీరికవేళల వినోదముగను వర్ణించెను.

ప్రచారము ఫలించినది. నిప్పు తగ్గినది. దానితోపాటు పొదలు పెరిగినవి. ఓక్, గాల్‌బెర్రీ, సా పామెట్టో అను పొట్టి తాటిజాతి పొద, ఇవన్నియు గడ్డిపై కమ్ముకొన్నవి. పొడవాకు పైన్ మొలకలు నీడలో నశించినవి. నరకుట, సేద్యము, త్వరగా పెరుగు ఇతర పైన్‌లను నాటుట, నిప్పును ఆపుట, ఇవన్నియు కలిసి 20వ శతాబ్ది చివరకు ఆ 9 కోట్ల ఎకరములలో సుమారు 30 లక్షల ఎకరములే మిగిలినవి. పూనికతో పునరుద్ధరింపగా ఇప్పుడది 50 లక్షల ఎకరములకు చేరువైనది.

అప్పటి వారిలో వేరు విధముగ చూచినవారు కొందరు లేకపోలేదు. యేల్ విశ్వవిద్యాలయపు అటవీ శాస్త్రాచార్యుడు హెచ్. హెచ్. చాప్‌మన్ 1920 దశకముననే పొడవాకు పైన్‌కు అప్పుడప్పుడు నిప్పు అవసరమని వ్రాసెను. హెర్బర్ట్ స్టాడర్డ్ అను ప్రకృతి పరిశీలకుడు జార్జియా, ఫ్లోరిడా సరిహద్దున కౌజుపిట్టలు ఎందుకు తగ్గుచున్నవని 1924 నుండి పరిశీలింప నారంభించి, నిప్పు ఆపివేయుటచే పప్పుజాతి మొక్కల గింజలు తరిగి, పిట్టలకు మేతయు చోటును కరవైనవని కనుగొనెను. అతని గ్రంథము 1931లో వెలువడెను. 1943లో ఫ్లోరిడాలోని ఓసియోలా జాతీయారణ్యమున అటవీ శాఖయే స్వయముగ, కొలత ప్రకారము, నిప్పు పెట్టుటకు అనుమతి నిచ్చినది. పల్లెవారి మాట పూర్తిగా ఒప్పు కాదు, శాఖవారి మాట పూర్తిగా ఒప్పు కాదు. రెంటిని తూచుటకు మడులు కావలసి వచ్చినవి.

మడులు చెప్పిన లెక్క

అదే ఓసియోలా అరణ్యములో 1958లో ఒక పరీక్ష మొదలైనది. ఒకే తీరు నేలను మడులుగా విభజించిరి. కొన్నిటిని ప్రతి సంవత్సరము కాల్చిరి. కొన్నిటిని 2 సంవత్సరములకొకసారి, కొన్నిటిని 4 సంవత్సరములకొకసారి. కొన్నిటికి నిప్పు సోకనీయలేదు. దశాబ్దముల పాటు ఈ వరుస తప్పలేదు. రైతుకు ఇది సులభముగా బోధపడును: ఒకే విత్తు, ఒకే నేల, ఎరువు మాత్రము వేరువేరు మోతాదులలో వేసి చూచినట్లు. తరువాత మొక్కలను లెక్కించినవారికి కనబడినది ఇది. నిప్పు తరచుగా వచ్చిన మడులలో గడ్డి జాతులు, పూలమొక్కల జాతులు ఎక్కువ. విరామము పెరిగిన కొలది అవి తగ్గినవి. కాల్చని మడులలో పామెట్టో, గాల్‌బెర్రీ పొదలు నిండి, క్రింద ఆకుచెత్త పేరుకొని, చిన్న మొక్కలకు చోటే లేకపోయినది.

దక్షిణ కరొలీనాలో శాంటీ మడులు అనునవి 1946లో మొదలైనవి. అచ్చటి చెట్టు లాబ్‌లాలీ పైన్. అచ్చట ఎన్ని ఏండ్లకొకసారి అన్నదే గాక, చలికాలమా ఎండకాలమా అన్నదియు వేరు చేసి చూచిరి. ప్రతి వేసవి కాల్చిన మడులలో పొదల వేళ్ళు క్రమముగా చచ్చి, వాటి చోట గడ్డి, పూలమొక్కలు వచ్చినవి. ప్రతి చలికాలము కాల్చినచో పొదలు పైకి కాలినను వేరు చావక, ఏటేటా మరల చిగిర్చినవి. కొన్నేండ్ల కొకసారి కాల్చినచో పొదలు మధ్యరకపు ఎత్తున నిలిచిపోయినవి. వేసవి మంట వరుసగా వచ్చినప్పుడే పొదల వేరు అలసినదన్నమాట; అందుకును చాల ఏండ్లు పట్టినది. 43 ఏండ్లు సాగిన ఈ పరీక్షను 1989లో హ్యూగో అను పెనుతుఫాను ముగించివేసినది.

స్టాడర్డ్ మొదలగువారు 1958లో టల్లాహాసీ నగరము సమీపమున టాల్ టింబర్స్ అను పరిశోధనా కేంద్రమును స్థాపించిరి. అచ్చటను మరుసటి సంవత్సరము నుండి ఇట్టి మడులు కట్టిరి. ఆ కేంద్రములో 1960 దశకపు నడుమ నుండి నిప్పు సోకనీయక విడిచిన పెద్ద మడి ఒకటి కలదు. మొదట అదియు తెరపియైన పైన్ వనమే. ఇప్పుడది వెడల్పాకు చెట్లతో నిండిన చీకటి అడవి. నేలపై వెనుకటి గడ్డి లేదు, పూలు లేవు. దారికి ఒక ప్రక్క అది, మరియొక ప్రక్క ఎడతెగక కాల్చుచు వచ్చిన పైన్ వనము. పక్కపక్కనే నిలిచియున్న ఈ రెండు నేలలకు ఆరంభమున భేదము లేదు.

కారణము వివరించుట కష్టము కాదు. అడుగుమొక్కలకు అన్నిటికంటె కరవైనది వెలుతురు. పొదకు కొన్నేండ్ల వ్యవధి దొరికినచో అది తల పైకెత్తి వెలుతురును కాజేయును. మంట వచ్చిన ప్రతిసారి పొద మరల నేలమట్టము నుండి మొదలుపెట్టవలెను. గడ్డికిని చిన్న పూలమొక్కకును పెరుగుట కొన్ని వారముల పని గనుక అవి ముందంజ వేయును. ఏ ఒక్క జాతియు మిగిలినవాటిని త్రొక్కివేయునంత బలియక ముందే మంట తిరిగి వచ్చును. ఇన్ని జాతులు ఒకే చోట ఇముడుటకు అదియే మూలము. ఆకుచెత్త కాలుటచే నేల కనబడి గింజకు మట్టి అందును. బూడిదలోని సారము కొంత అందును. మరి ఆ మొక్కలు కాలిపోవా యని అడుగవచ్చును. వాటిలో హెచ్చు భాగము బహువార్షికములు. వాటి ప్రాణము భూమిలోని దుంపలో, వేరులో నుండును. నేలపై మంట పోవునప్పుడు రెండంగుళముల లోతున మట్టి పెద్దగా వేడెక్కదు. తుంగ గడ్డతో బాధపడిన రైతునకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచ్చటనే ఒక హెచ్చరిక. ప్రాణము వేరులో నున్నది గనుక నిప్పు చేయలేని హానిని నాగలి చేయగలదు. ఒకసారి దున్ని సేద్యము చేసి విడిచిన నేలలో పైన్ మరల నాటి, ఎంత క్రమముగా కాల్చినను, పాతకాలపు మొక్కలలో పెక్కు తిరిగి రాలేదు. వాటి గింజ దూరము పోదు. వేళ్ళు నాగటిచాలులో నశించినవి. నిప్పు ఉన్నదానిని నిలుపును గాని, లేనిదానిని తెచ్చిపెట్టదు.

మరియొకటి. చాల ఏండ్లు కాలకుండ నున్న అడవికి ఆదరాబాదరాగా నిప్పు తిరిగి పెట్టుటయు ప్రమాదమే. 40, 50 ఏండ్లు రాలిన సూదులు పెద్ద చెట్టు మొదట అడుగెత్తు కుళ్ళిన పొరగా పేరుకొనును. చెట్టు సన్నని వేళ్ళు ఆ పొరలోనికి పాకును. అట్టి చోట మంట ఆరినట్లు కనబడినను లోపల కుంపటివలె గంటల తరబడి రగిలి, వేళ్ళను, మొదలును ఉడికించును. నూరేండ్ల పైన్‌లు మంట నాడు నిలిచి, ఏడాది తిరుగక చచ్చిన ఉదాహరణములు పెక్కు. అందుచే నేల తడిగా నున్నప్పుడు కొంచెము కొంచెముగా, పలుమార్లు కాల్చి ఆ పొరను తగ్గింతురు.

పైన్‌లు అన్నియు ఒకటి కావు

ఇంతవరకు చెప్పినది విని "ఐనచో ప్రతి పైన్ అడవిని రెండేండ్లకొకసారి కాల్చవలెను" అని ఎవరైనను నిశ్చయించుకొన్నచో అది పొరపాటు. అమెరికాలోనే ఎల్లోస్టోన్ ఉద్యానవనపు లాడ్జ్‌పోల్ పైన్ అడవులలో పెద్ద నిప్పు నూరు మొదలు మున్నూరు ఏండ్లకొకసారి వచ్చును. వచ్చినప్పుడు చెట్లన్నియు చచ్చి, కాయలలో దాగిన విత్తనము నుండి అడవి మరల పుట్టును. 1988లో అచ్చట జరిగినది అదియే. అట్టి చోట లేత చెట్లు తగినంత కాయ కాయక ముందే రెండవ మంట వచ్చినచో విత్తనము చాలదు. 2016లో కొన్ని భాగములు అట్లు త్వరగా మరల కాలగా, మొలకల సంఖ్య బాగుగా తగ్గినది. అరిజోనా రాష్ట్రపు పాండెరోసా పైన్ అడవులు పొడవాకు పైన్ వలె తరచు చిన్న మంటలు చూచినవే. 19వ శతాబ్ది చివర గొఱ్ఱెలు, పశువులు గడ్డిని మేసివేయుటచేతను, తరువాత నిప్పు ఆర్పివేయుటచేతను లేత చెట్లు కిక్కిరిసి, క్రింద గడ్డి నశించినది. చెట్లు అంతగా దట్టమైన పిదప నిప్పు ఒక్కటే చాలుట లేదు. ముందు చెట్లను పలుచన చేసిననే నేలకు వెలుతురు అందుచున్నది.

కుమాయూనులో చిర్ అడవి

మన దేశపు పైన్ అడవులలో మనకు తెలియవలసినది హిమాలయపు దిగువ కొండలపై పెరుగు చిర్ పైన్. సంస్కృతమున దీనిని సరళవృక్షమందురు. మేఘసందేశమున కాళిదాసు సరళవృక్షముల మ్రాకులు ఒరసికొని పుట్టు దావాగ్నిని తలచి, దానిని జలధారలతో చల్లార్చుమని యక్షునిచే మేఘుని కోరించెను. ఆ కొండలలో పైన్‌ను నిప్పును కలిపి చూచుట ఆనాటికే అలవాటన్నమాట.

ఉత్తరాఖండ్ రాష్ట్రమున చిర్ అడవులు సుమారు 4 లక్షల హెక్టేర్లలో ఉన్నవి. మార్చి నుండి జూన్ వరకు రాలు ఎండు సూదులను అచ్చటివారు పిరూల్ అందురు. పిరూల్ దళసరిగా పరచుకొన్న చోట గడ్డి సరిగా మొలవదు. పశువు కాలు జారును. కనుక వానలకు ముందు దానిని కాల్చినచో తొలకరికి లేతగడ్డి వచ్చునని పల్లెవారి అనుభవము. ఆ అనుభవము నిజమే. 1911, 1917ల నడుమ బ్రిటిషు ప్రభుత్వము కుమాయూను అడవులను రిజర్వు చేసి, ఈ కాల్చుటను నిషేధించినది. ప్రజలు దానిని సహింపలేదు. 1916లోను, 1921లోను రిజర్వు అడవులకు పెద్దయెత్తున నిప్పు పెట్టిరి. ప్రభుత్వము విచారణ సంఘమును నియమింపవలసి వచ్చినది. తుదకు 1931లో గ్రామములే అడవిని పాలించుకొనుటకు వన పంచాయతీ నిబంధనలు వచ్చినవి. నేడు ఆ రాష్ట్రమున ఇట్టి వన పంచాయతీలు పదివేలకు పైగా పనిచేయుచున్నవి. అడవి నిప్పు విషయమై ప్రజలు కలహించి, ఆ కలహము నుండి పంచాయతీ పుట్టిన చోటు అది.

ఇక నిప్పు వరుస అచ్చట ఏమి చేయుచున్నది? ఒక మంట తరువాత గడ్డి దట్టముగా లేచును. వెలుతురు పెరిగి కొన్ని చిన్న మొక్కలును వచ్చును. కాని అదే వాలు ఏటేటా, లేక ఏడాది విడిచి ఏడాది, ఏప్రిల్, మే నెలల ఎండలో కాలినచో వేరొక సంగతి జరుగును. హిసాలు, కిల్మోడా మొదలగు పండ్ల పొదలు, కాఫల్ చెట్టు మొలకలు, బాంజ్ అను ఓక్ మొలకలు తలయెత్తజాలవు. బాంజ్ ఆకు పశువులకు మేత, పొలమునకు ఎరువు. బాంజ్ అడవి క్రింద ఊట నిలుచునని ఆ కొండవారి గట్టి నమ్మకము. నిప్పునకు ఓర్చుకొను చిర్ మాత్రము బాంజ్ ఉండవలసిన చోటికి పాకును. చిర్ పెరిగిన చోట పిరూల్ మరింత రాలును. పిరూల్ పెరిగినచో నిప్పు మరింత తరచగును. వడ్డీకి వడ్డీ పెరుగు అప్పువంటిది ఇది.

పొడవాకు పైన్‌కు మేలు చేసిన వరుస ఇచ్చట ఎందుకు కీడగుచున్నది? నా దృష్టిలో ముఖ్యమైనది నేల వాలు. అచ్చట మైదానము, ఇచ్చట నిటారు కొండ. మంట క్రింది నుండి పైకి పరుగెత్తి ఉగ్రమగును. అది పోయిన నెల, రెండు నెలలకే వర్షాకాలము వచ్చి, కప్పు లేని మట్టిని కోసివేయును. కాలిన చోట మొలచిన లేతగడ్డిపైకి వెంటనే పశువులను తోలుదురు గనుక కోలుకొను వ్యవధి లేదు. జిగురు కొరకు గాట్లు పెట్టిన చెట్ల మొదళ్ళకు ఆ గాట్లలోనే నిప్పు పట్టి, బెరడు దళసరియైనను అవి కూలును. అన్నిటికి మించి, అమెరికా మైదానములో వేల ఏండ్లుగా ఆ వరుసకు అలవాటుపడిన గడ్డి, పూలమొక్కలు ఉన్నవి. కుమాయూను గ్రామమునకు కావలసిన మొక్కలలో సగము నిప్పునకు ఓర్వని జాతులు.

జాతుల సంఖ్య ఒక్కదానినే చూచి సంతోషింపరాదు. కాలిన తెరపిలోనికి లంటానా కంప వచ్చి చేరినను జాబితాలో ఒక పేరు పెరుగును. పశువు దానిని ముట్టదు. "ఎన్ని జాతులు?" అని అడిగిన వెంటనే "ఏ జాతులు?" అని అడుగవలెను.

2016లో ఉత్తరాఖండమున 4,000 హెక్టేర్లకు పైగా అడవి కాలినది. 2024 జూన్‌లో బిన్సర్ అభయారణ్యమున మంట నార్పబోయిన అటవీ సిబ్బంది కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ సంవత్సరముననే పిరూల్‌ను ఏరి తెచ్చినవారికి కిలోకు 50 రూపాయల చొప్పున చెల్లింతుమని ఆ ప్రభుత్వము ప్రకటించినది. సూదులను కాల్చుటకు బదులు తీసివేయుట మంచి ఉపాయమే. ఐతే కూలి గిట్టిననే అది నిలుచును.

మన అడవుల మాట

మన తెలుగునాట పైన్ సహజముగా పెరుగదు. అరకు ప్రాంతమున కనబడునవి నాటినవి. మన అడవులు వేరు, వాటి మొక్కలు వేరు. కనుక పై లెక్కలలో ఏ ఒక్కటియు ఉన్నదున్నట్లు ఇచ్చటికి తెచ్చుకొనదగినది కాదు. మన ఆకురాల్చు అడవులు ఫిబ్రవరి నుండి మే వరకు కాలుచున్నవి. ఇప్పపూవు ఏరుటకు నేల శుభ్రపరచుట, తునికి చిగురు కొరకు కాల్చుట, ఆర్పక పారవేసిన బీడీ, ఇవి తెలిసిన కారణములు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము. ఏ గ్రామస్థుడును తనంత తాను కాల్చరాదు.

పంచాయతీ చేయగలది వేరొకటి కలదు. అది మూడవ ప్రశ్నకు సమాధానము వ్రాసి ఉంచుట. ఒక సాధారణ పుస్తకములో అడవి భాగము పేరు, కాలిన సంవత్సరము, నెల, ఎంత మేర కాలినది, కారణము అను గడులు గీసికొనవచ్చును. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహముల సాయముతో నిప్పు జాడలను కనిపెట్టుచున్నది; కోరి పేరు నమోదు చేసికొన్నవారి ఫోనునకు ఆ సమాచారము పంపుచున్నది. సర్పంచి గాని, వన సంరక్షణ సమితి అధ్యక్షుడు గాని అట్లు నమోదు చేసికొన్నచో కాలిన తేదీ పుస్తకమునకు దొరకును. అంతకు ముందటి ఏండ్ల సంగతి ఊరి వృద్ధులను, పశువుల కాపరులను అడిగినచో తెలియును. ఏ వాలు ఏ యేడు కాలినదో, తరువాత ఏ గడ్డి వచ్చినదో, ఏ దుంప దొరకుట మానినదో వారికి జ్ఞాపకముండును. కాలిన చోటికిని కాలని చోటికిని తొలకరి తరువాత ఒకసారి, దసరా వేళ ఒకసారి పోయి, మంచమంత నేలను కొలిచి, అందులో కనబడిన మొక్కల పేర్లను ఊరివారి వాడుక పేర్లతోనే వ్రాసికొనవలెను. మూడు నాలుగు ఏండ్లు ఇట్లు వ్రాసినచో ఆ పుస్తకమును రేంజి అధికారి ముందు పెట్టి, నిప్పు గీతలు ఎచ్చట తీయవలెనో, ఏ వాలును మేతనుండి కొంతకాలము విడువవలెనో మాట్లాడుటకు గ్రామమునకు ఆధారముండును. నిప్పు గీతలు ఫిబ్రవరికి ముందే, ఆకు రాలక పూర్వమే, తీయుట మంచిది.